కొండ ప్రాంతపు పీహెచ్‌సీ నుంచి స్పెషలిస్టుకు ప్రశ్న రాసి పంపే పద్ధతి పనిచేస్తుందా?

మన్యం_వైద్యాధికారి:

అందరికీ నమస్కారం. అల్లూరి సీతారామరాజు జిల్లా ఏజెన్సీలోని ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నేను రెండేళ్లుగా వైద్యాధికారిగా పనిచేస్తున్నాను. ఎంబీబీఎస్ పూర్తికాగానే ఇక్కడికి వచ్చాను. జ్వరాలు, మలేరియా, విరేచనాలు, మామూలు కాన్పుల వరకు ధైర్యంగానే చూస్తున్నాను. అయితే సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే వంశపారంపర్య జబ్బు) ఉన్న కుర్రవాడికి మందు మొదలుపెట్టాలా వద్దా, గర్భిణికి థైరాయిడ్ మాత్ర ఎంత మోతాదులో ఇవ్వాలి, నెలల తరబడి తగ్గని మచ్చ తామరా లేక కుష్ఠా అనే సందేహాలు వచ్చినప్పుడు, నాకంటే బాగా తెలిసినవారి మాట ఒక్కటి అందితే చాలుననిపిస్తుంది. ఆ ఒక్క మాట కోసం నేను చేయగలుగుతున్నది రిఫర్ చీటీ రాసి విశాఖపట్నం పంపడమే.

ఆ చీటీ పట్టుకున్న మనిషి గూడెం నుంచి రోడ్డు వరకు నడిచి, జీపు ఎక్కి పాడేరు చేరి, అక్కడి నుంచి 100 కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసి కొండ దిగాలి. తోడు ఒకరు వెళ్లాలి కాబట్టి ఇద్దరి కూలి పోతుంది, రాత్రి ఎక్కడో తలదాచుకోవాలి. తీరా ఓపీలో డాక్టరు గారి ముందుకు వెళ్లాక ఫలానా రక్తపరీక్ష చేయించుకుని రమ్మంటే, ఆ పరీక్ష ముందుగా ఇక్కడే చేయించి పంపవలసిందని నాకు అప్పుడు తెలుస్తుంది. చాలామంది వెళ్లనే వెళ్లరు. వెళ్లివచ్చినవారి దగ్గర కూడా ఇకపై నేను ఏం చేయాలో తెలిపే కాగితం అరుదుగానే ఉంటుంది.

వీడియోలో డాక్టరు సలహా అందించే ప్రభుత్వ సేవ ఈ-సంజీవని గురించి నాకు తెలుసు. మా సబ్ సెంటర్లలోని సీహెచ్‌ఓలు (కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్లు) రోజూ వాడుతున్నారు, దాని మేలు కళ్లారా చూస్తున్నాను. కానీ వీడియోలో మాట్లాడాలంటే రోగి, నేను, స్పెషలిస్టు, సిగ్నల్ నలుగురూ ఒకే సమయానికి కుదరాలి. కొండ మలుపు తిరిగితే సిగ్నల్ పోయే చోట ఆ నాలుగోది మా చేతిలో ఉండదు. అందుకే రోగి వివరాలు, పరీక్షల ఫలితాలు, ఫొటోలు, నా ప్రశ్న అన్నీ ఒకచోట రాసి పంపితే, స్పెషలిస్టు తనకు తీరిక దొరికినప్పుడు చదివి జవాబు రాసే పద్ధతి గురించి ఆలోచిస్తున్నాను. విదేశాల్లో దీనిని ఈ-కన్సల్ట్ అంటారని చదివాను. ఇలా అడగడం మన దేశంలో నిబంధనలకు లోబడే ఉంటుందా? పొరపాటు జరిగితే బాధ్యత ఎవరిది? అసలు స్పెషలిస్టులు చదివి జవాబు ఇస్తారా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

మెడిసిన్_ప్రొఫెసర్:

డాక్టర్ గారూ, ముందుగా నిబంధనల సంగతి. 2020 మార్చి 25న వెలువడిన టెలిమెడిసిన్ మార్గదర్శకాలు రోగి వైద్యుడితో మాట్లాడటాన్నే కాక, ఒక వైద్యుడు మరో వైద్యుడిని సలహా అడగడాన్ని కూడా విడిగా ప్రస్తావించాయి. వీడియో, ఫోను మాత్రమే కాదు, రాతపూర్వక సందేశం, ఈమెయిల్ కూడా అందులో అంగీకృత మార్గాలే. అయితే సలహా అడిగిన వైద్యుడే చికిత్స చేస్తున్న వైద్యుడిగా కొనసాగుతాడని, రోగి బాధ్యత అతనిదేనని అందులో స్పష్టంగా ఉంది. అంటే నేను రాసి పంపిన మోతాదును మీరు గుడ్డిగా చీటీ మీద ఎక్కించకూడదు. మీ ఎదుట ఉన్న మనిషికి అది సరిపోతుందని మీకు నమ్మకం కలిగాకే ఇవ్వాలి, కలగకపోతే మళ్లీ అడగాలి. కొందరు దీన్ని భారంగా భావిస్తారు. నా దృష్టిలో ఇదే న్యాయం, ఎందుకంటే రోగి నాడి పట్టుకున్నది మీరు.

స్పెషలిస్టులు జవాబు ఇస్తారా అని అడిగారు. నేను ఒక బోధనాసుపత్రిలో పనిచేస్తూ కొంతకాలం హబ్‌లో, అంటే దూరపు కేంద్రాలకు సలహా ఇచ్చే చోట, కూర్చుని టెలికన్సల్టేషన్లు చేశాను. ఆ అనుభవంతో చెబుతున్నాను: జవాబు ప్రశ్నను బట్టి ఉంటుంది. "థైరాయిడ్ కేసు, అభిప్రాయం తెలుపగలరు" అని వస్తే నేను చేయగలిగింది "పంపించండి" అనడమే. అదే ఈ విధంగా వచ్చిందనుకోండి: "వయసు 26, గర్భం 10 వారాలు, బరువు 44 కిలోలు, గతంలో ఒకసారి గర్భస్రావం, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ రక్తపరీక్ష) 7.2, గుండె నిమిషానికి 84 సార్లు కొట్టుకుంటోంది, మెడ దగ్గర వాపు లేదు. లెవోథైరాక్సిన్ 50 మైక్రోగ్రాములతో మొదలుపెడదామనుకుంటున్నాను. ఇది సరేనా, మళ్లీ పరీక్ష ఎప్పుడు చేయాలి?" దీనికి నేను రెండు నిమిషాల్లో జవాబు రాయగలను. ఈ రోజే మొదలుపెట్టండి, విశాఖ ప్రయాణం కోసం ఆగవద్దు, నాలుగు వారాలకు టీఎస్‌హెచ్ మళ్లీ చూడండి, 2.5 లోపు ఉండేలా మోతాదు సవరించండి అంటాను.

దానితోపాటు మీరు అడగని ఇంకో మాట కూడా రాస్తాను. ఆ తల్లికి మీ ఏఎన్ఎం ఇనుము మాత్రలు, కాల్షియం మాత్రలు ఇచ్చే ఉంటుంది. అవి థైరాయిడ్ మాత్రతో కలిపి వేసుకుంటే మందు ఒంటబట్టదు. థైరాయిడ్ మాత్ర తెల్లవారగానే పరగడుపున వేసుకోవాలి, మిగతావాటికి కనీసం నాలుగు గంటల ఎడం ఉండాలి. మోతాదు సరిగానే ఉన్నా టీఎస్‌హెచ్ తగ్గని గర్భిణులు వచ్చినప్పుడు నేను మొదట అడిగేది ఈ మాటే. ఓపీ హడావుడిలో నోటిమాటగా చెబితే గుమ్మం దాటేసరికి మరచిపోతారు. కాగితం మీద ఉంటే మీ కేంద్రంలో తర్వాత వచ్చే వందమంది గర్భిణులకు కూడా పనికివస్తుంది. రాతలో ఉన్న బలం ఇదేనని నా నమ్మకం. వీడియోలో ఒక రోగికి సలహా అందుతుంది, రాసిన జవాబుతో ఒక వైద్యుడు నేర్చుకుంటాడు.

అమెరికాలోని న్యూ మెక్సికోలో డాక్టర్ సంజీవ్ అరోరా 2003లో ప్రారంభించిన ప్రాజెక్ట్ ఎకో ఈ నమ్మకం మీదే నడిచింది. అక్కడ వీడియోలోనే అయినా, మాట్లాడుకునేది వైద్యులే. మారుమూల వైద్యులు తమ హెపటైటిస్ సి కేసులను విశ్వవిద్యాలయ నిపుణుల ముందు పెట్టి, వారి సూచనతో తామే చికిత్స చేశారు. 2011లో ప్రచురితమైన ఫలితాల ప్రకారం వైరస్ పూర్తిగా పోయినవారు విశ్వవిద్యాలయ క్లినిక్‌లో 57.5 శాతం, ఈ మారుమూల కేంద్రాల్లో 58.2 శాతం. పెద్దాసుపత్రికి వెళ్లకపోవడం వల్ల ఆ రోగులు నష్టపోలేదు.

ఒక్క హెచ్చరిక. ఛాతీ నొప్పి, ఒక పక్క చేయి కాలు పడిపోవడం, గర్భిణికి ఫిట్స్, ఊపిరి అందకపోవడం వంటివి రాసి పంపే ప్రశ్నలు కావు. అప్పుడు 108 పిలిచి, ఫోనులో మాట్లాడుతూ పంపించాలి. జవాబు వారం ఆలస్యమైనా రోగికి హాని లేదనుకున్నదే రాతకు పెట్టాలి.

లాస్‌ఏంజెలెస్_ఫ్యామిలీ_డాక్టర్:

గుంటూరులో చదువుకుని, ఇప్పుడు లాస్ ఏంజెలెస్‌లో పేదలు ఎక్కువగా వచ్చే ఒక క్లినిక్‌లో పనిచేస్తున్నాను. మీరు అడిగిన పద్ధతి ఇక్కడ మాకు రోజువారీ పని కాబట్టి కొంత వివరంగా రాస్తాను.

దీనికి దారి చూపింది శాన్ ఫ్రాన్సిస్కో జనరల్ ఆసుపత్రి. 2005లో అక్కడ జీర్ణకోశ విభాగం, రిఫరల్ వచ్చిన ప్రతి రోగికి నేరుగా అపాయింట్‌మెంట్ ఇచ్చే బదులు, ముందు ఒక స్పెషలిస్టు ఆ రిఫరల్‌ను కంప్యూటర్‌లో చదివి, పంపిన వైద్యుడికి జవాబు రాసే పద్ధతి మొదలుపెట్టింది. లాస్ ఏంజెలెస్ కౌంటీ 2012లో దీన్ని పెద్ద ఎత్తున అందుకుంది. 2015 నాటికి 3,000 మందికి పైగా ప్రాథమిక వైద్యులు నెలకు 12,000కు పైగా ప్రశ్నలు పంపుతుండగా, జవాబు రావడానికి పట్టిన మధ్యస్థ సమయం ఒక్క రోజు. వాటిలో నాలుగో వంతు, అంటే 25 శాతం, రోగి స్పెషలిస్టు దగ్గరకు వెళ్లకుండానే పరిష్కారమయ్యాయి.

నాలుగో వంతేనా అనిపించవచ్చు. నాకు మొదట అలాగే అనిపించింది. కానీ మిగిలిన మూడు వంతుల రోగులు కూడా ఊరికే వెళ్లడం లేదు. "ఈ స్కాన్ ముందు చేయించండి, ఈ మందు ఆరు వారాలు వాడి చూడండి, ఆ తర్వాత పంపండి" అని స్పెషలిస్టు ముందే రాస్తాడు కాబట్టి వెళ్లిన రోజే పని తేలుతుంది. మీరు చెప్పిన ఇద్దరి కూలి పోయే ప్రయాణానికి ఇది ఇంకా ఎక్కువగా వర్తిస్తుంది. ఎన్ని ప్రయాణాలు తప్పాయన్న లెక్క ఒక్కటే చూడకండి. వెళ్లినవారిలో ఎంతమంది ఉత్తచేతులతో తిరిగి రాలేదన్నది కూడా చూడండి.

కష్టం కూడా చెప్పాలి. ఈ పద్ధతితో స్పెషలిస్టు పని కొంత ప్రాథమిక వైద్యుడి భుజం మీదకు వస్తుంది. చెప్పిన పరీక్షలు చేయించేది, ఫలితం చూసేది, మందు మార్చేది మనమే. అందుకు సమయం కేటాయించకపోతే కొన్నాళ్లకు విసుగు వస్తుంది. అలాగే జవాబు రాసేవారి సమయానికి కూడా విలువ కట్టాలి. కెనడాలోని ఒట్టావా ప్రాంతంలో 2010 నుంచి నడుస్తున్న ఇటువంటి సేవలో స్పెషలిస్టులు ఒక్కో ప్రశ్నకు వెచ్చించిన నిమిషాలను బట్టి వారికి చెల్లిస్తారు. మీ దగ్గర డబ్బు ఇవ్వడం వీలుకాకపోతే, కనీసం డ్యూటీ పట్టికలోనే వారానికి ఒక గంట ఈ పనికని రాయించండి. స్నేహం కొద్దీ రాసే జవాబులు కొన్ని నెలలే వస్తాయి.

ఇంకొకటి, వీలైనంతవరకు ఒకే స్పెషలిస్టుతో కొనసాగండి. మీ కేంద్రంలో ఏ పరీక్ష ఉంది, ఏ మందు దొరుకుతుంది అన్నది పదిసార్లు జవాబు రాశాక ఆయనకే తెలిసిపోతుంది. దొరకని మందు రాసిన జవాబు ఎంత గొప్పదైనా మీకు ఉపయోగం లేదు.

కంటిచూపు_టెక్నీషియన్:

నేను డాక్టర్‌ను కాను. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలో ఒక విజన్ సెంటర్‌లో పనిచేస్తున్నాను. ఇంటర్ తర్వాత ఏడాది శిక్షణ తీసుకున్నాను. ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ ఈ ప్రాంతంలో 1996లో ముధోల్‌లో గ్రామీణ కంటి ఆసుపత్రి పెట్టినప్పటి నుంచి, ఆ తర్వాత సుమారు 50,000 జనాభాకు ఒక విజన్ సెంటర్ అన్న లెక్కతో పనిచేసినప్పటి నుంచి, కంటి వైద్యంలో దూరాన ఉన్న డాక్టర్‌ను అడిగి చేయడం మాకు అలవాటైన పని. అందుకే ఫొటోల గురించి రెండు మాటలు చెప్పాలనిపించింది.

వరి కోతలప్పుడు కంట్లో గడ్డిపోచో, వడ్లగింజో తగిలిందని వస్తారు. కన్ను ఎర్రగా ఉంటుంది. ఫొటో తీసి పంపితే డాక్టర్ గారికి ఎర్రదనం తప్ప ఏమీ కనిపించదు. రంగు మందు వేసి, నీలి వెలుతురులో తీస్తే నల్లగుడ్డు మీద పుండు పచ్చగా మెరుస్తుంది. అప్పుడు ఆ ఫొటో చూసిన వెంటనే ఈ రోజే పంపమని జవాబు వస్తుంది, ఎందుకంటే గడ్డి, గింజ తగిలిన పుండులో బూజు పట్టే ప్రమాదం ఉంది, దానికి మందుల షాపులో ఇచ్చే స్టిరాయిడ్ చుక్కలు వేస్తే చూపే పోవచ్చు. కాబట్టి ఫొటో పంపినప్పుడు "ఏం తగిలింది, ఎన్ని రోజులైంది, ఇప్పటికే ఏ చుక్కలు వేశారు" అన్న మూడు సంగతులు తప్పకుండా రాస్తాను. సీసా ఉంటే దాని ఫొటో కూడా పంపుతాను.

మెడిసిన్_ప్రొఫెసర్:

ఈ తమ్ముడు చెప్పింది చర్మానికి కూడా అక్షరాలా వర్తిస్తుంది. మా చర్మవ్యాధుల విభాగంలోని సహోద్యోగి చెప్పిన మాటలు చేర్చుతున్నాను. ఫ్లాష్ లేకుండా పగటి వెలుతురులో, ఒకటి దూరం నుంచి, ఒకటి దగ్గర నుంచి తీయాలి. పక్కన కొలతకు స్కేలు పెట్టాలి. అవతలి చేయి లేదా కాలు కూడా తీస్తే పోల్చి చూడవచ్చు. షాపులో కొన్న మిశ్రమ క్రీము పూస్తే తామర అంచులు చెరిగిపోయి వేరే జబ్బులా కనిపిస్తుంది కాబట్టి ఆ ట్యూబు సంగతి రాయాలి. అన్నిటికంటే ముఖ్యం, ఫొటోలో స్పర్శ కనిపించదు. మచ్చ మీద దూదితో తాకి, తెలుస్తోందా లేదా, మోచేతి దగ్గర నరం లావుగా ఉందా అన్నది మీరు చూసి రాస్తేనే కుష్ఠు గురించి అవతలివారు ఏమైనా చెప్పగలరు.

విశ్రాంత_సివిల్_సర్జన్:

పద్ధతి మంచిదే. నేను వ్యతిరేకించడం లేదు. కానీ ముప్పై ఏళ్లు ప్రభుత్వ ఆసుపత్రుల్లో పనిచేసినవాడిగా ఒక భయం చెబుతాను. రాతపూర్వక సలహా అందుతోంది కదా అని ఏజెన్సీలో స్పెషలిస్టు పోస్టులు ఖాళీగా వదిలేయడానికి ఇది సాకు కారాదు. అడ్డం తిరిగిన బిడ్డను బయటికి తీయడానికి చేతులు కావాలి, మత్తు ఇచ్చే వైద్యుడు కావాలి, రక్తం కావాలి. ఈ-కన్సల్ట్ వల్ల మిగిలే ప్రయాణాల లెక్క ఎవరైనా కోరితే, ఈ-కన్సల్ట్ సరిపోక కిందికి పంపవలసి వచ్చిన కేసుల లెక్క కూడా పక్కనే రాసి ఇవ్వండి డాక్టరమ్మా. ఏ స్పెషలిస్టు ఎక్కడ కావాలో ఆ రెండో పట్టికే చెబుతుంది.

సీహెచ్‌ఓ_శ్రీకాకుళం:

మేడమ్, నేను సబ్ సెంటర్‌లో సీహెచ్‌ఓగా పనిచేస్తున్నాను. పెద్దలందరూ డాక్టర్లు ఏం రాసుకోవాలో చెప్పారు. ఆ జవాబు రోగి ఇంటికి ఎలా చేరుతుందన్నది ఎవరూ చెప్పలేదు. జవాబు డాక్టర్ గారి ఫోనులో ఉండిపోతే, రోగి మళ్లీ వచ్చేదాకా ఎవరికీ తెలియదు. వచ్చిన రోజున మేడమ్ సెలవులో ఉంటే అదీ లేదు. కాబట్టి జవాబును ఓపీ రిజిస్టర్‌లో అతికించి, రోగి చేతిలో ఉండే కార్డు మీద సారాంశం రాసి, ఆ గూడెం ఆశా కార్యకర్తకు చెప్పించండి. మీ వైపు కువి, ఆదివాసీ ఒడియా మాట్లాడేవారు ఎక్కువని విన్నాను. "పరగడుపున" అన్న మాట ఆశా కార్యకర్త వాళ్ల భాషలో చెబితేనే ఆ మాత్ర సరిగా వేసుకుంటారు.

ఇంకో విషయం కూడా ఆలోచించండి. ఆడవాళ్ల చర్మ సమస్యల ఫొటోలు సొంత ఫోను గ్యాలరీలో, మా ఇంట్లో పిల్లలు ఆడుకునే ఫోనులో ఉండిపోతున్నాయి. కేంద్రానికి విడిగా ఒక ఫోను లేదా ట్యాబ్ ఉంచి, ముఖం రాకుండా తీసి, పేరుకు బదులు ఓపీ నంబరు రాసి, ఎవరికి ఎందుకు పంపుతున్నామో రోగికి చెప్పి ఒప్పుకున్నాకే పంపితే బాగుంటుంది.

మన్యం_వైద్యాధికారి:

ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. మీ జవాబులు చదివాక నా ఆలోచన కొంత మారింది. జవాబు ఎంత త్వరగా వస్తుందన్నదే అసలు ప్రశ్న అని ఇంతవరకు అనుకున్నాను. నిజానికి ఇక్కడ రోగుల రాకపోకలు వారపు సంతను బట్టి ఉంటాయి. శుక్రవారం సంతకు దిగినవారే మా కేంద్రానికీ వస్తారు, మళ్లీ వచ్చేది వచ్చే శుక్రవారమే. ఒక్క రోజులో జవాబు వచ్చినా వారం తర్వాతే వారికి చేరుతుంది. కాబట్టి శుక్రవారం చూసి, శనివారం ప్రశ్నలు రాసి, గురువారం లోపు జవాబు కోరితే, తర్వాతి సంత రోజుకు మందు సిద్ధంగా పెట్టవచ్చు. వీడియోకు కుదరని మా ఊరి లయకు ఇది కుదురుతుందనిపిస్తోంది.

చర్మం, థైరాయిడ్, సికిల్ సెల్ ఈ మూడింటితోనే మొదలుపెడతాను. వైద్య కళాశాలలో ఇద్దరు అధ్యాపకుల పేర్లు డ్యూటీ పట్టికలో వారానికి ఒక గంట చొప్పున చేర్చమని జిల్లా అధికారులకు రాతపూర్వకంగానే అడుగుతున్నాను. సివిల్ సర్జన్ గారు చెప్పిన రెండు పట్టికలూ మొదటి వారం నుంచే ఉంచుతాను. ఆశా కార్యకర్తల సమావేశంలో కార్డు సంగతి మాట్లాడాను. ట్యాబ్ ఒకటి కేంద్రంలోనే ఉంది, దాన్ని ఈ పనికి విడిగా పెట్టాం.

ప్రొఫెసర్ గారూ, మొదటి ప్రశ్న సికిల్ సెల్ గురించే. 19 ఏళ్ల అమ్మాయి, ఏడాదిలో నాలుగుసార్లు నొప్పులతో చేరింది. ఆ నొప్పులు తగ్గించే హైడ్రాక్సీయూరియా మందు మొదలుపెట్టాలని ఉంది. ఏయే వివరాలు పంపాలి?

మెడిసిన్_ప్రొఫెసర్:

నాలుగుసార్లు చేరిందంటే మొదలుపెట్టడానికి తగిన కారణమే ఉంది. బరువు, హెచ్‌పీఎల్‌సీ (సికిల్ సెల్‌ను నిర్ధారించే రక్తపరీక్ష) నివేదిక, ఈ వారంలో చేసిన సీబీసీ (రక్తకణాల లెక్క) పూర్తిగా ప్లేట్‌లెట్లతో సహా, క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష), లివర్ పరీక్షలు, ఇదివరకు రక్తం ఎక్కించి ఉంటే చివరిసారి ఏ తేదీన అన్నది పంపండి. పెళ్లయిందా, గర్భం వచ్చే అవకాశం ఉందా అన్నది ఆమెను ఒంటరిగా కూర్చోబెట్టి అడగండి, ఎందుకంటే ఈ మందు గర్భంలో వాడకూడదు. మొదట్లో రెండు నుంచి నాలుగు వారాలకోసారి సీబీసీ చేయాలి. మీ ల్యాబ్‌లో సీబీసీ మెషిన్ పనిచేస్తోందా, రీఏజెంట్లు మూడు నెలలకు సరిపోతాయా అన్నది కూడా ప్రశ్నలోనే రాయండి. సరిపోవంటే మోతాదు కంటే ముందు ఆ సంగతి తేల్చుకుందాం.